ఎదురుకాళ్ళ రెహమాన్

ఆది, గురువారాల్లో తెల్లవారేసరికి చిల్లకల్లు రోడ్డు మీద రెహమాన్ సీటు కవర్ల షాపు ముందు నలుగురైదుగురు నిలబడి ఉంటారు. వాళ్ళకి సీట్లతో పనిలేదు. ఒకరు నడుం మీద చేయి వేసుకుని, ఒకరు మెడ పక్కకి వంచుకుని, ఒకరు కరెంటు స్తంభానికి ఆనుకుని షట్టరు ఎప్పుడు లేస్తుందా అని చూస్తుంటారు. రెహమాన్ ఎదురుకాళ్ళతో పుట్టాడు. తల్లి కడుపులోంచి తల కాకుండా కాళ్ళు ముందు బయటికొచ్చిన మనిషి తంతే పట్టేసిన నడుం వదులుతుందని జగ్గయ్యపేట చుట్టుపక్కల కులమతాలతో పనిలేకుండా నమ్ముతారు. ఆరేళ్ళ వయసు నుంచీ తంతున్నాడు. ఇప్పుడు నలభై ఎనిమిది.

దానికో పద్ధతుంది. వచ్చినవాళ్ళు పరగడుపున రావాలి. షాపు గోడకి రెండు అరచేతులూ ఆనించి తల వంచి నిలబడాలి. రెహమాన్ చెప్పులు విడిచి, కాలు కడుక్కుని, ఎడమ మడమతో నొప్పి ఉన్నచోట మూడుసార్లు తాకిస్తాడు. తన్నడమని పేరే కానీ, చేతుల్లో సామానున్న మనిషి తలుపుని కాలితో నెట్టినంత మెత్తగా ఉంటుందది. తర్వాత వాళ్ళు ఏమీ మాట్లాడకుండా, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. రెహమాన్ వాళ్ళ దగ్గర టీ కూడా తాగకూడదు. వాళ్ళలో సగం మందికి తను తన్నకపోయినా తగ్గేదని రెహమాన్‌కి తెలుసు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. నొప్పితో రాత్రంతా పక్కమీద దొర్లి, తెల్లారగట్ల బస్సెక్కి వచ్చిన మనిషి కోసం ఒకరు కాలు కడుక్కుని సిద్ధంగా ఉండటమే కొంత ఊరటని అనుకునేవాడు.

ఆ గురువారం వరసలో జయరాజ్ ఉన్నాడు. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ నుంచి లోడు తోలే డ్రైవరు, పదకొండేళ్ళుగా ఒకే లారీ. రెహమాన్‌కి అతని మొహంకంటే సీటు ఎక్కువ పరిచయం. ఏటా ఒకసారి ఆ సీటు విప్పితే స్పాంజి కుడిపక్కన గిన్నెలా గుంటపడి ఉండేది. ఎడమ పక్క కొత్తగా ఉండేది. ఎడమ తొడ ఆనకుండా కూర్చుంటున్నావేంటని రెండేళ్ళ కిందటే అడిగాడు. జయరాజ్ నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు ఇరవై రోజులుగా నొప్పి ఎడమ పిర్రలోంచి మడమదాకా దిగుతోంది. ఓనరు మంచివాడే కానీ బండి ఆగితే ఆయనకీ గడవదు. సోమవారం నువ్వు స్టీరింగు పట్టకపోతే వేరేవాణ్ణి ఎక్కిస్తానని చెప్పేశాడు. గోడ దగ్గరికి వెళుతూ జయరాజ్ ఇదంతా చెప్పాడు.

రెహమాన్ కాలు ఎత్తేలోగా తల తిప్పి, "భాయ్, ఈ తాకించడాలు కాదు. గట్టిగా ఒక్కటెయ్యి" అన్నాడు.

అట్లా వెయ్యనని రెహమాన్ చెప్పాడు. వరసలో ఉన్న దుర్గాంబగారు, గొంతు తగ్గించడం రాని డెబ్భై ఏళ్ళ మనిషి, దానికి ఇంతదూరం రావడమెందుకు, పెళ్ళాన్ని అడిగితే ఇంట్లోనే పని జరిగేదిగా అంది. అందరూ నవ్వారు. జయరాజ్ కూడా నవ్వాడు, కానీ గోడ మీద అతని వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. సోమవారం అని మళ్ళీ అన్నాడు. రెండుసార్లు ఎప్పటిలా తాకించి, మూడోసారి రెహమాన్ ఒక అడుగు వెనక్కి వేసి తన్నాడు.

టక్కున చప్పుడయింది. వరసలో అందరికీ వినబడింది. జయరాజ్ ఊపిరి బిగపట్టి ఒక్క క్షణం అట్లాగే ఉండి, మెల్లగా నడుం ఎత్తాడు. పూర్తిగా నిటారుగా నిలబడ్డాడు. వెనక్కి తిరగకూడదన్నది మర్చిపోయి తిరిగి, రెహమాన్ చేతులు రెండూ పట్టుకుని ఊపాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా తమకీ చప్పుడు వచ్చేలా వెయ్యమన్నారు. రెహమాన్ ఒప్పుకోలేదు. కానీ ఆ రోజంతా బస్సు సీటుకి రెగ్జిన్ లాగి మేకులు కొడుతున్నప్పుడు ఆ చప్పుడు రెండు మూడుసార్లు గుర్తొచ్చింది. గుర్తొచ్చినప్పుడల్లా బాగానే అనిపించింది.

శనివారం ఏడింటికి షట్టరు తీసేసరికి ఆటోలోంచి జయరాజ్ దిగుతున్నాడు. తన్నే వారం కాదు. అయినా వచ్చాడు. శుక్రవారం లోడు వేసుకుని నల్గొండ దాకా వెళ్ళొచ్చానన్నాడు. నొప్పి ముప్పాతిక పోయిందట. కాలు మొద్దుబారిందంతే, ఇంకొక్కటి పడితే అదీ పోతుందని గోడవైపు నడిచాడు. అతను చెప్పేది వింటూ రెహమాన్ కింద చూస్తున్నాడు. ఆటోకీ గోడకీ మధ్య ఎడమకాలి చెప్పు ఒక్కటే పడి ఉంది. జయరాజ్ అది లేకుండా నాలుగడుగులు నడిచొచ్చాడు. కింద కంకర. అతనికి తెలిసినట్టు లేదు.

రెహమాన్ చెప్పు తీసుకొచ్చి కాలి దగ్గర పెట్టాడు. జయరాజ్ చూసి, ఎక్కడ జారిందిరా ఇది అన్నట్టు నవ్వి, వేళ్ళు దూర్చబోయాడు. దూరలేదు. రెహమాన్ వంగి తనే తొడిగాడు. తన్నమంటే తన్ననన్నాడు. నందిగామలో తన మేనకోడలు నిషాత్ ఫిజియోథెరపీ చేస్తుంది, ఒకసారి చూపించుకుందాం పదమన్నాడు. ఆడపిల్లకి చూపించుకునేదేంటని జయరాజ్ కాసేపు మొండికేసి, ఆమె పనిచేసేది ప్రద్యుమ్నగారి వెన్నెముక సెంటరులో అని వినగానే మెత్తబడ్డాడు. ఆయన వీడియోలు ఇదివరకే ఫోన్లో చూశాడు. మెడ పట్టి టక్, నడుం తిప్పి టక్, లేచి నడుచుకుంటూ పోవడం. ఖమ్మం నుంచి కూడా వస్తారట. నీది నాటు తన్ను, ఆయనది చదువుకున్న తన్ను అన్నాడు. అదే ఆటో మాట్లాడుకుని బయల్దేరారు.

హైవే మీద జయరాజ్ సీటు కొసన, రాడ్డు పట్టుకుని కూర్చున్నాడు. సగం దారిలో ఆపమన్నాడు. తుమ్మచెట్ల వైపు వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. ఆటో అతను బీడీ వెలిగించి పూర్తిగా కాల్చేశాడు. జయరాజ్ ఇంకా అట్లాగే ఉన్నాడు. తర్వాత జిప్పు సర్దుకుంటూ వచ్చి కూర్చున్నాడు. కాస్త దూరం పోయాక, ఆటో అతనికి వినబడకుండా, నిన్న రాత్రి నుంచి పాస్ రావట్లేదని చెప్పాడు. వచ్చినట్టే ఉంటుంది, రాదు. ఎండలో నీళ్ళు తాగలేదు కదా, అందుకే అయ్యుంటుందన్నాడు.

"మీ మేనకోడలి దగ్గర ఈ మాట ఎత్తకు భాయ్. పరువు పోద్ది."

ఎత్తనన్నాడు రెహమాన్. మనిషి అడిగింది చిన్న సంగతే అనిపించింది.

సెంటరు మెయిన్ రోడ్డు మీద, మందుల షాపు పైన. మెట్లెక్కడానికి జయరాజ్ రెయిలింగు పట్టుకుని కుడికాలు వేసి, ఎడమకాలు దాని పక్కకి లాక్కున్నాడు. పైన పాతికమంది దాకా ఉన్నారు. నిషాత్ చేరి ఎనిమిది నెలలైంది. తెల్లకోటు భుజాల దగ్గర కాస్త వదులు. మామూని చూసి కళ్ళతోనే పలకరించి, జయరాజ్‌ని పక్కగదిలోకి తీసుకెళ్ళింది. రెహమాన్ కూడా వెళ్ళాడు. తెలిసిన మనిషి పక్కన ఉంటే జయరాజ్‌కి నయమని.

ఆమె ఏదీ తొందరగా చేయలేదు. పడుకోబెట్టి కాలు మోకాలు వంగకుండా ఎత్తింది. బొటనవేలు పైకి లేపమని, తను వేలితో నొక్కిపట్టింది. కుడిది లేచింది, ఎడమది లేవలేదు. మడమల మీద నిలబడి నడవమంది. ఎడమపాదం నేలకి టపటపా కొట్టుకుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాస్తూ, తల ఎత్తకుండానే అడిగింది, కూర్చునేచోట తిమ్మిరిగా గానీ స్పర్శ తెలియకపోవడం గానీ ఉందా, ఒంటేలుకి మామూలుగా వెళుతున్నారా అని.

జయరాజ్ అంతా బాగానే ఉందన్నాడు. రెహమాన్ వైపు చూడకుండా అన్నాడు.

నిషాత్ కలం ఆపి ఒకసారి అతని మొహం చూసింది. మళ్ళీ అడిగింది, ఇంకాస్త మెల్లగా. చెప్పాను కదమ్మా అన్నాడు. ఆమె కాగితం మీద స్కాన్ తీయించాలి అని రాసి కింద గీత గీసింది. రెహమాన్ చేతిలో జయరాజ్ చెప్పులున్నాయి. వాటిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

ప్రద్యుమ్నగారు పెద్ద గదిలో బల్ల దగ్గర ఉన్నారు. నలభై దాటని మనిషి, మోచేతుల దాకా మడిచిన చొక్కా, కసరత్తు చేసిన చేతులు. మూలన ఒకతను వీడియో తీయడానికి ఫోను స్టాండుకి పెట్టి నిలబడ్డాడు. నిషాత్ కాగితం ఇచ్చి, సార్, ఇది స్కాన్ లేకుండా చేయకూడదనుకుంటున్నా అంది. ఆయన కాగితం అందుకున్నారు, కానీ చూపు జయరాజ్ మీద ఉంది. ఏం పని, ఎన్నాళ్ళు, ఎక్కడిదాకా దిగుతోంది అని అడిగారు. మాట తీరు బాగుంది. లారీ డ్రైవర్ల నడుములు రోజుకి పది చూస్తానని, భయపడొద్దని భుజం తట్టారు. కాగితం బల్ల చివర పెట్టారు. నిషాత్ మళ్ళీ సార్ అంది. బయట పాతికమంది ఉన్నారమ్మా అన్నారాయన, కోపంగా కాదు, నిజంగానే.

జయరాజ్‌ని కుడిపక్కకి తిప్పి పడుకోబెట్టారు. పైకి వచ్చిన ఎడమ మోకాలిని వంచి, ఒక చేయి భుజం మీద, ఇంకో చేయి తుంటి మీద వేశారు. భుజాన్ని అటు, తుంటిని ఇటు మెల్లగా తీసుకుపోతూ వదులు ఎంతుందో చూస్తున్నారు. ఊపిరి వదలమన్నారు. రెహమాన్‌కి ఆ పట్టు అర్థమైంది. స్పాంజిని చట్రంలోకి దించేముందు తను రెండు కొసలూ పట్టి చూసుకునేది ఇట్లాగే. ఇక మిగిలింది ఒక్క తోపు. నిషాత్ గోడకి ఆనుకుని తలవంచుకుని ఉంది. జయరాజ్ కళ్ళు మూసుకుని ఊపిరి వదలడం మొదలుపెట్టాడు.

"డాక్టరుగారూ, ఆగండి. ఇతనికి రాత్రి నుంచి పాస్ రావట్లేదు."

గదిలో ఉన్న అందరికీ వినబడేలా అన్నాడు. ఫోను అతనికి, తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళకి, నిషాత్‌కి. జయరాజ్ కళ్ళు తెరిచి అతనివైపు చూశాడు. వేగంగా పోతున్న బండిలోంచి తనని తోసేసినవాణ్ణి చూసినట్టు చూశాడు.

ప్రద్యుమ్నగారి చేతులు ఉన్నచోటే ఆగాయి. తర్వాత మోకాలిని కింద పెట్టి, భుజం వదిలి, రెండు చేతులూ వెనక్కి తీసుకున్నారు. ఫోను కట్టెయ్యమన్నారు. అందర్నీ బయటికి పంపి తలుపు వేశారు. నిషాత్‌ని కూడా పంపారు, జయరాజ్ కోసం. బయట బెంచీ మీద ఆమె మామూ పక్కన కూర్చుంది. ఆమె వేళ్ళు కోటు బొత్తాన్ని తిప్పుతున్నాయి. అయిదు నిమిషాలకి తలుపు తెరుచుకుంది. ప్రద్యుమ్నగారి చేతిలో ఆ కాగితం ఉంది, ఇప్పుడు దాన్ని చదువుతున్నారు.

వెన్నుపూసల మధ్య ఉండే దిండు జారి కింద నరాల కట్టంతా నొక్కేస్తోందని, ఈరోజే ఆపరేషన్ కావాలని చెప్పారు. చీటీ రాసిస్తే మీరు బస్సులు పట్టుకుని పెద్దాసుపత్రికి సాయంత్రానికి చేరతారు, అంత టైము లేదన్నారు. కాచుకున్నవాళ్ళ వైపు తిరిగి దండం పెట్టి, సోమవారం రండి అని చెప్పి, కారు తాళాలు తీసుకుని మెట్లు దిగారు. ఎవరూ గొణగలేదు. ఒకావిడ తన మంచినీళ్ళ సీసా తెచ్చి జయరాజ్ చేతిలో పెట్టింది. ఆపరేషన్ ముందు తాగకూడదని నిషాత్ చెబితే, దారిలో మీకు ఉంటుందిలెమ్మా అని ఆమెకే ఇచ్చింది.

కారు వెనక సీట్లో జయరాజ్‌ని పక్కకి పడుకోబెట్టారు. తల నిషాత్ ఒళ్ళోకి రాకుండా అతను బిగదీసుకుంటుంటే, ఆమె తన కోటు మడిచి తలకింద పెట్టి కిటికీ వైపు జరిగింది. రెహమాన్ ముందు కూర్చుని జయరాజ్ భార్య గ్రేసీకి ఫోను చేసి ఆసుపత్రి పేరు చెప్పాడు. ఎందుకు, ఏమైంది అని ఆమె అడిగినవాటికి సగమే జవాబిచ్చాడు. కారు కంచికచర్ల దాటింది. కీసర టోలు గేటు దగ్గర వరసలో ఆగినప్పుడు ప్రద్యుమ్నగారు ముందున్న లారీని చూస్తూ, "ఆ అమ్మాయి రాసింది. నేను చదవలేదు" అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు. గేటు లేచింది.

సాయంత్రం ఆరుకి ఆపరేషన్ అయిపోయింది. సర్జన్ బయటికొచ్చి నరాల మీద ఒత్తిడి తీసేశామని చెప్పాడు. కాలు మెల్లగా రావచ్చు. మూత్రం సంగతి ఇప్పుడు చెప్పలేం, మంగళవారం ట్యూబు తీసి చూస్తేనే తెలుస్తుంది. సొంతంగా రాకపోతే ఇక జీవితాంతం గొట్టం వేసుకోవాల్సి రావచ్చన్నాడు. గ్రేసీ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. ముప్పైతొమ్మిదేళ్ళేనండి ఆయనకి అంది. ప్రద్యుమ్నగారు లోపలికెళ్ళి ఎవరితోనో మాట్లాడి ఆమె పడుకోవడానికి వార్డులో ఒక బెంచీ ఇప్పించి వెళ్ళారు.

కారిడార్‌లో టీ గ్లాసు పట్టుకుని నిషాత్ పక్కన నిలబడి, రెహమాన్ గురువారం సంగతి చెప్పాడు. గట్టిగా వేశానని, చప్పుడు వచ్చిందని. దాచకుండా, అది తనకి నచ్చిందని కూడా చెప్పాడు.

"నా కాలు వల్లేనా నిషా?"

ఆమె వెంటనే కాదు అంటుందని అతను ఎదురుచూశాడు. ఆమె గ్లాసు కిటికీలో పెట్టింది.

"చెప్పలేను మామూ. మీరు తన్నకపోయినా ఇది జరిగేదేమో. జరిగేది కాదేమో."

మీరు ఆ మాట చెప్పకపోతే మాత్రం ఆ బల్ల మీద ఏం జరిగేదో నాకు తెలుసు అంది. రెండూ ఒకదానికొకటి చెల్లు కాదని ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు. ఇద్దరూ టీ తాగారు.

వెళ్ళేముందు రెహమాన్ లోపలికి తొంగిచూశాడు. జయరాజ్ మెలకువగానే ఉన్నాడు. మంచం పక్కన మూత్రం సంచీ వేలాడుతోంది. ఇతన్ని చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. రెహమాన్ అతని చెప్పుల జత మంచం కింద పెట్టి వచ్చాడు.

ఆదివారం షట్టరు లేచేసరికి ఎప్పటికన్నా ఎక్కువమందే ఉన్నారు. గురువారం నాటి చప్పుడు సంగతి పాకినట్టుంది. అప్పుడే ఒకతను గోడకి చేతులు ఆనించి నిలబడ్డాడు. రెహమాన్ కాలు కడుక్కోలేదు. షాపులోంచి స్టూలు తెచ్చి వేసుకుని కూర్చుని, ఇవాళ తన్నే ముందు కొన్ని అడుగుతానన్నాడు. మడమల మీద ఆ స్తంభం దాకా నడిచి రమ్మన్నాడు. కొందరు నవ్వుతూ నడిచారు. కూర్చునేచోట తిమ్మిరి ఉందా అని అడిగాడు. ఆ తర్వాత ఒంటేలు సంగతి అడిగాడు. మొదటివాణ్ణి నేల చూస్తూ అడిగాడు. రెండోవాణ్ణి మొహం చూసి అడిగాడు.

బూదవాడ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, నడుంనొప్పని వస్తే నువ్వు అడిగేదేంటయ్యా, ఆడాళ్ళున్నారని చూడవా అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు వెళ్ళారు. దుర్గాంబగారు మాత్రం వరసలో తనవంతు రాకముందే, "నాకు రాకపోవడం కాదురా నాయనా, దగ్గితే చాలు ఆగట్లేదు, అదేం రోగమో అదీ చెప్పు" అంది. ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అది కూడా చెప్పాల్సిన సంగతేనని రెహమాన్ నవ్వకుండా అన్నాడు. నిషాత్ నంబరు ఒక రెగ్జిన్ ముక్క వెనక రాసి ఇచ్చాడు. ఆమె దాన్ని రవికెలో దోపుకుంది.

మిగిలినవాళ్ళు నలుగురు. కాలు కడుక్కుని, వాళ్ళకి ఎప్పటిలా మెత్తగా తాకించాడు. ఒకతను ఇంకాస్త గట్టిగా అన్నాడు. ఇంతే అన్నాడు రెహమాన్. చివరివాడు వెళ్ళాక గోడ మీద అరచేతుల జిడ్డు మరకల్ని చూస్తూ కాసేపు నిలబడ్డాడు. నలభైరెండేళ్ళలో ఆ గోడకి ఆనుకున్నవాళ్ళలో ఎందరు చెప్పకుండా వెళ్ళి ఉంటారో అతనికి తెలియదు. తను అడగలేదు.

మంగళవారం పదిగంటలకి జయరాజ్ లారీ షాపు ముందు ఆగింది. తోలుకొచ్చింది పాతికేళ్ళ కొత్త డ్రైవరు. ఓనరు పంపాడని, సీటు కుడిపక్కకి గుంటపడి నడుం లాగేస్తోందని, చదును చేయమని చెప్పాడు. జయరాజ్ లేచి వచ్చేదాకా అన్నాడా ఓనరు, ఇక నువ్వే అన్నాడా అని రెహమాన్ అడగాలనుకుని ఊరుకున్నాడు. సీటు దించి, అంచుల మేకులు ఒక్కొక్కటీ స్క్రూడ్రైవరుతో లేపి, రెగ్జిన్ వెనక్కి తిప్పాడు. కొత్త స్పాంజి బల్ల మీద పరిచి సుద్దతో గీత గీస్తుండగా ఫోను మోగింది. గ్రేసీ.

గీత పూర్తిచేయకుండానే ఎత్తాడు. అవతల వార్డు గోల, ఎవరిదో దగ్గు.

"అన్నయ్యా, పొద్దున్నే ట్యూబు తీశారు. నాలుగు గంటలు కూర్చున్నాడు. కుళాయి తిప్పి ఆ చప్పుడు వినమన్నారు నర్సమ్మగారు. ఏం రాలేదు. ఇక మళ్ళీ వేస్తామని ట్రే తెచ్చారు." ఆమె ఊపిరి తీసుకుంది. "అప్పుడు పోశాడన్నయ్యా. సొంతంగా."

రెహమాన్ సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఎంత అని అడిగాడు. ఎందుకడిగాడో తెలియదు. రెండొందల యాభై ఎమ్మెల్, నర్సమ్మగారు గ్లాసుతో కొలిచి రాశారు అని గ్రేసీ చెప్పింది, పరీక్షలో పిల్లాడికొచ్చిన మార్కులు చెప్పినట్టు. కాలు ఇంకా లేవట్లేదట. వేళ్ళు కాస్త కదిలిస్తున్నాడట. ఫోను ఆయనకి ఇస్తానంది. ఫోను చేతులు మారింది. కుళాయి ఇంకా ఎక్కడో కారుతోంది.

"భాయ్" అన్నాడు జయరాజ్. గొంతు బొంగురుగా ఉంది. ఇంకేమీ అనలేదు. ఇద్దరూ ఫోను పెట్టేయలేదు. చివరికి అవతల నర్సు ఏదో అడిగితే అతను ఆవిడకి జవాబు చెబుతూ కట్ చేశాడు.

కొత్త డ్రైవరు లారీ మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. ఎవరండీ, అంతా బాగేనా అని అడిగాడు.

"మనవాడే" అన్నాడు రెహమాన్. "పోశాడంట."

అతనికి అర్థం కాలేదు. అయినా రెహమాన్ మొహం చూసి, మంచిదేనండి అన్నాడు. రెహమాన్ కళ్ళు తుడుచుకుని సుద్ద అందుకున్నాడు. గీత ఎక్కడ ఆగిందో చూసుకుని, అక్కణ్ణుంచి గీశాడు.